తిరిగిచ్చిన పంది

మనాంగ్ లూడింగ్ గొంతు గురించి ముందు చెప్పాలి. మనాంగ్ అంటే మా వైపు అక్క అని. మా కొండ కింది ఊళ్ళో ఎవరు పోయినా తొమ్మిది రోజుల ప్రార్థన నడిపేది ఆవిడే. ఆవిడ సగం అంటుంది, మేం మిగతా సగం అంటాం. ఆవిడకి మైకు పెడితే శవం లేచి కూర్చుంటుందని మా ఆయన అనేవాడు. ఆయన పోయినప్పుడూ ఆవిడే చదివింది. ఆయన లేవలేదు, అది వేరే సంగతి.

మనిషి నా భుజం దాటదు. ముంజేతికి జపమాల, చంకలో గొడుగు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక చురక. నా అన్నం కొట్టులో మిగిలిన గంజి, అన్నం రోజూ పట్టుకెళ్ళి ఒక పందిని మేపుతుంది. ఏడాదికో పంది. ఊరి పండగ వచ్చేదాకా దానికి స్నానాలు చేయించి, దోమలకు పొగవేసి, పండగనాడు కాల్చి ఊరికి పెట్టేది. ఏ ఏటి పందికైనా పేరు ఒకటే, దొరసాని. పేరు పెట్టి పిలిచాక ఎలా తింటావు మనాంగ్ అని అడిగితే, "పేరు పెట్టకుండా తినడమే పాపం, తేరింగ్. ఎవరిని తింటున్నామో తెలియాలి" అనేది. ఆ మాట అప్పట్లో నాకు వేళాకోళంగానే వినిపించింది.

ఆవిడకి మిగిలింది మనవరాలు జోవీ ఒక్కతే. కూతురు పురిట్లోనే పోయింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళున్నప్పుడు ఎదురింటి నార్డో కొబ్బరి ఎండబెట్టే పాక వెనక్కి లాక్కుపోయాడు. పిల్ల వాడి మణికట్టు ఎముక తగిలేదాకా కొరికి పరుగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రమే మా ఊరి పెద్ద, కెప్టెన్ ఒసియాస్, టోపీ చేతిలో పట్టుకుని లూడింగ్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. రాజీ చేసుకుందాం, నార్డో వాళ్ళు పందిని ఇస్తామంటున్నారు, అందరం కూర్చుని తిందాం, ఇంతటితో పోతుంది అన్నాడు.

"నీ పందిని నువ్వే తిను, కెప్టెన్" అంది లూడింగ్. "నేను కోర్టుకు పోతున్నాను."

పోయింది. నార్డోకి శిక్ష పడింది. జోవీ మాత్రం అక్కడే ఆగిపోయింది. ఎదురింటి వైపు కిటికీ తెరవనిచ్చేది కాదు, ఆ ఇంటి ముందు నుంచి బస్సు ఎక్కేది కాదు. లూడింగ్ చెయ్యి పట్టుకుని పొలం గట్ల మీదుగా చుట్టూ తిప్పి బడికి తీసుకెళ్ళేది. ఏళ్ళు పట్టింది ఆ పిల్ల మళ్ళీ మనిషి కావడానికి. మొన్నటి వేసవిలో పట్నంలో నర్సు చదువుకి సీటు వచ్చినప్పుడు, మొదటిసారి తనంతట తాను ఎదురింటి ముందు నుంచి నడిచి నా కొట్టుకొచ్చి ఆ మాట చెప్పింది. నేను ఏడ్చాను. నాకు ఏడుపు త్వరగా వస్తుందిలెండి.

ఆ వారంలోనే పెరోల్ ఆఫీసర్ దిగాడు.

రెనాన్ అని, కుర్రవాడే, మర్యాదస్తుడు. నా కొట్టులోనే కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటూ వచ్చిన పని చెప్పాడు. నార్డోకి విధించిన శిక్షలో కనీసపు గడువు తీరిపోయింది, జైల్లో ప్రవర్తన బాగుంది. పెరోల్ బోర్డు వాణ్ణి ముందుగానే వదిలేయాలా వద్దా అని చూస్తోంది. ఊళ్ళో వాళ్ళు ఏమంటారో కనుక్కుని రాయడం ఇతని పని.

కొట్టులో చేరినవాళ్ళు ఏమంటారు? చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, జైల్లో ఉన్నవాడి గుణాలు బారెడు. నార్డో లోపల చెక్కపని నేర్చుకుని మా గుడికి సెయింట్ జోసెఫ్ బొమ్మ చెక్కి పంపాడు కదా, ఎంత భక్తి అన్నారు. వాళ్ళమ్మ నానాయ్ సబెల్ ఒంటరిది, పాపం అన్నారు. ఏదో వయసులో ఒక్కసారి తప్పు చేశాడు అన్నాడు కెప్టెన్.

ఆ ఒక్కసారి అన్న మాట దగ్గర, గంజి కోసం వచ్చి వింటున్న లూడింగ్ గొడుగు నేలకేసి కొట్టింది. జోవీ కంటే ముందు మెర్లీ లేదా అని అడిగింది. కెప్టెన్ ఆకాశంలో మబ్బులు చూశాడు.

నేను ఈ ఊరికి కోడలిగా రాకముందు సంగతి అది. మెర్లీ బడికెళ్ళే పిల్ల, నార్డో చేతిలోనే పడింది. అప్పుడు కేసు లేదు, కోర్టు లేదు. నార్డో తండ్రి పందిని తోలుకొచ్చాడు, మెర్లీ తల్లి చేత ఒప్పుకోలు సంతకం పెట్టించారు, కెప్టెన్ వాకిట్లో కాల్చి ఊరంతా తిన్నారు. మా కొండల్లో రాజీ పంది తింటే ఆ సంగతి పూడ్చిపెట్టినట్టే. తర్వాత ఎవరైనా ఎత్తితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళంటూ చీదరించుకుంటారు. అందుకే జోవీ కేసప్పుడు కోర్టులో కూడా మెర్లీ పేరు ఎవరి నోటా రాలేదు.

రెనాన్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "నా కాగితాల్లో ఆయనకి ఇదే మొదటి తప్పు, మనాంగ్. మొదటిసారి చేసినవాడికి చట్టం ఒక తూకం వేస్తుంది, మళ్ళీ మళ్ళీ చేసేవాడికి ఇంకో తూకం. ఇది రెండోసారని తెలిస్తే బోర్డు అంత సులువుగా వదలదు. కానీ నేను గాలిలోంచి రాయలేను. ఆ అమ్మాయి ప్రమాణం చేసి చెప్పాలి. ఊళ్ళో తెలిసినవాళ్ళు అవునని చెప్పాలి." శుక్రవారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం జోవీ అరిచి గోల చెయ్యలేదు. సంచిలో బట్టలు సర్దింది. వాడొస్తే నేనుండను, మనీలాలో ఎవరింట్లోనైనా పనికి కుదురుకుంటాను, చదువూ వద్దు ఏమీ వద్దు అంది. లూడింగ్ ఆ సంచిని మంచం కిందికి తోసి, దాని మీద కాలు పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం దాకా ఆగమంది.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక ముసలాయన పోయి తొమ్మిదో రోజు ప్రార్థన వచ్చింది. అందరూ చేరారు. ప్రార్థన అయింది, ఆమెన్ అన్నారు, అల్లం నీళ్ళ కప్పులు అందుకోబోతున్నారు. లూడింగ్ మాత్రం లేవలేదు. మెర్లీ పంది తిన్నవాళ్ళెవరో శుక్రవారం ఆఫీసర్ ముందు నిలబడి చెప్పమని అడిగింది. తానూ తిన్నానని, చెవి ముక్క తన వంతుకొచ్చిందని మొదట తనే చెప్పింది. జీవితమంతా ఆవిడ సగానికి సగం పలికిన జనం ఆ పూట నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఎవరి భయం వాళ్ళది. చివరికి ఒక పెద్దాయన, "తిన్నాక నోరెత్తకూడదు, మనాంగ్. అది నీకూ తెలుసు" అన్నాడు.

మర్నాడు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పట్నం సంతకు వెళ్ళింది. మెర్లీ అక్కడ ఎండుచేపలు అమ్ముతుంది. ముప్పై దాటిన మనిషి, చేతులు ఉప్పుకి పగిలిపోయాయి. లూడింగ్ ముందు క్షమించమంది, తర్వాత విషయం చెప్పింది. మెర్లీ చేపల మీది ఈగలు తోలుతూనే చెప్పింది.

"మా అమ్మ సంతకం పెట్టింది. నన్నెవరూ అడగలేదు. ఆకులో పెట్టి నాకూ ఒక ముక్క ఇచ్చారు, తినమ్మా మంచిదని."

"తిన్నావా?"

"లేదు. కుక్కకి వేశాను."

లూడింగ్ గొడుగు పక్కన పెట్టి ఆ చేపల గంపల మధ్యే కూర్చుంది. నాకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఊరి కట్టుబాటు ప్రకారమే చూసినా మెర్లీ నోటికి ఏ తాళమూ లేదు. ఇన్నేళ్ళూ ఆ తాళం వేసుకున్నది తిన్నవాళ్ళు. ఆ మాటే అన్నాను. మెర్లీ తల అడ్డంగా ఊపింది. ఊరంతా తిన్నాక నా ఒక్కదాని మాట ఎవరు వింటారు అంది.

"తిన్నది తిరిగిచ్చేస్తే?" అంది లూడింగ్.

అదీ ఉంది మా దగ్గర. రాజీ పందికి సమానమైన పందిని తోలుకెళ్ళి ఇచ్చినవాళ్ళ మెట్ల దగ్గర నిలబెట్టాలి. ఆ ఇంటివాళ్ళు తాడు అందుకుంటే రాజీ రద్దు. అందుకోకపోతే ఎప్పటిలాగే నోరు మూసుకోవాలి. ఎప్పుడో మా అత్తగారి కాలంలో పొలం గట్టు తగాదాలో జరిగిందట, ఆ తర్వాత ఎవరూ చెయ్యలేదు. ఎవరు చేస్తారు? మేపిన పందిని ఊరికే వదులుకునే వెర్రివాళ్ళు ఎవరుంటారు?

శుక్రవారం పొద్దున లూడింగ్ దొరసానికి స్నానం చేయించి, మెడకి కొత్త తాడు కట్టి బయల్దేరింది. వెళ్ళాల్సింది ఎదురింటికే అయినా, ఊరంతా చూడాలని వీధులన్నీ చుట్టి తీసుకెళ్ళింది. పండగ ఇంకా నెలే ఉంది, పంది ఏనుగు గున్నలా ఉంది. దొరసానికి కదలడం ఇష్టం లేదు. వాన పడి దారంతా బురద. లూడింగ్ ముందు లాగుతోంది, నేను వెనక నెడుతున్నాను, ఇద్దరం నడుం దాకా బురద. నవ్వడానికి వచ్చినవాళ్ళు వచ్చారు, నవ్వు మర్చిపోయి మా వెంట నడిచినవాళ్ళు నడిచారు. ప్రార్థనలో నోరెత్తకూడదన్న పెద్దాయనే వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. నార్డో ఇంటి దగ్గరికి వచ్చేసరికి సగం ఊరు మా వెనకుంది. మెర్లీ అప్పటికే అక్కడ నిలబడి ఉంది, కూతుర్ని చంకనేసుకుని. పక్కనే రెనాన్ ఉన్నాడు. ఇద్దరికీ లూడింగే కబురు పెట్టింది.

కెప్టెన్ పరుగున వచ్చాడు. ఇదేం తమాషా, ఆఫీసర్ గారి ముందు ఊరి పరువు తీస్తావా అన్నాడు.

"నువ్వు వండించావు, నేను తిన్నాను" అంది లూడింగ్. "ఇప్పుడు కక్కుతున్నాను. పక్కకి జరుగు, మీద పడుతుంది."

నానాయ్ సబెల్ మెట్ల మీదికొచ్చింది. ఎముకల గూడు. కొడుకు వస్తాడని గోడలకి సున్నం వేయించుకుంది ఆ వారమే. పందిని చూసింది, మెర్లీని చూసింది, మెర్లీ చంకలో పిల్లని చాలాసేపు చూసింది. ఆవిడ వద్దంటే అంతా అయిపోయినట్టే. జోవీ సంచి మంచం కింద ఉంది.

"అప్పటి పందిని మేపింది నేనే" అంది ముసలావిడ. "వాడు బాగుపడతాడని ఇచ్చాను. బాగుపడలేదు."

మెట్లు దిగి వచ్చి తాడు అందుకుంది.

ఎంత నిబ్బరం ఆ తల్లిది. నేనైతే చేయగలనా అని ఇప్పటికీ అనుకుంటాను.

లూడింగ్ వెనక్కి తిరిగింది. ఆ గొంతు, శవాన్ని లేపే గొంతు, అప్పుడు వినాలి.

"మెర్లీకి జరిగింది మనకు తెలుసు."

ఒక్క క్షణం ఆగి జనం అన్నారు, "తెలుసు."

"తెలిసీ తిన్నాం."

"తిన్నాం."

"ఈ రోజు తిరిగిచ్చేశాం."

"ఇచ్చేశాం."

కొండకి తగిలి ఆ మాట వెనక్కొచ్చింది. రెనాన్ కాగితాలు తీశాడు. మెర్లీ కూతుర్ని కిందికి దించి ముందుకొచ్చింది.

"నా పేరు రాసుకోండి, సర్. పూర్తి పేరు రాయండి. మెర్లిండా సుమాగాయ్ సాయ్సన్."

తర్వాత తిన్నవాళ్ళు ఒక్కొక్కరే వరసలో నిలబడ్డారు. కెప్టెన్ అందరికంటే ఆఖర్న నిలబడ్డాడు, అయినా నిలబడ్డాడు. అది కూడా చెప్పాలి కదా.

పండగకి రెండు రోజుల ముందు కబురొచ్చింది. బోర్డు కాదంది. నార్డో శిక్ష పూర్తిగా, ఆఖరి రోజు దాకా అనుభవించాల్సిందే. మెర్లీ ఫిర్యాదు కోర్టు తీసుకుంది, అది తేలితే ఇక ఏ కాగితం మీదా వాడికి మొదటి తప్పన్న మాట ఉండదు. నేను కొట్టు మూసేసి వీధిలో గంతులేశాను. ఈ వయసులో. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ.

దొరసానిని నానాయ్ సబెల్ కొయ్యలేదు. పెంచుకుంటోంది. లూడింగ్ ఇప్పటికీ నా కొట్టులో గంజి పట్టుకెళ్ళి ఆ దొడ్లోనే పోస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు, పందిని మాత్రం ఇద్దరూ తిడతారు.

పండగనాడు లూడింగ్ ఇంటికి ఊరంతా వచ్చింది. వడ్డించడానికి మెర్లీ తెచ్చిన ఎండుచేపలు, గుమ్మడికాయ కూర, అన్నం. మధ్యాహ్నం బస్సు దిగి జోవీ వచ్చింది, తెల్ల నర్సు బట్టల్లో, నార్డో ఇంటి ముందు నుంచి, తొందరేమీ లేకుండా. దారిలో దొడ్డి దగ్గర ఆగి పందిని పలకరించి మరీ వచ్చింది.

"ఈ ఏడు పంది లేదే అమ్మా" అంది లూడింగ్ కంచం పెడుతూ.

"చూశాను లోలా" అంది జోవీ అమ్మమ్మతో. "బాగా లావెక్కింది. చేప వెయ్యి, ఆకలేస్తోంది."