రంపం మిషనుకు ఇరుసు ఎక్కడిదంటే

మా కాన్వాయ్ విశాఖపట్నంలోకి దిగేసరికి తెల్లవారుతోంది. వాన ఆగింది. గాలి మాత్రం ఇంకా ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను మా ముందు వెళ్లిన కంపెనీ ఒక లారీ పట్టేంత మేర కోసి పక్కకు లాగింది. ఆ సందులోంచే దూరి వచ్చాం. ఎలమంచిలి దాటుతున్నప్పుడు లారీ వెనక కూర్చుని ఉన్నాను. మా ఊరు అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరం. అడిగితే కెప్టెన్ సాబ్ ఒక గంట ఇచ్చేవాడే. నేను అడగలేదు. తోటివాళ్ల ముందు ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడిలా కనపడటం నాకు ఇష్టం లేకపోయింది.

నేను హవల్దారుని. పని టర్నరు. మా బండిలో లేత్ మిషను, దానికో జనరేటరు ఉండేవి. తుపాను పనికి ఇంజనీర్ల కంపెనీ వెంట మమ్మల్ని పంపారు. బండికి నేను, వెల్డరు, డ్రైవరు, వైర్‌లెస్ ఆపరేటరు. మా పైన సుబేదార్ సాబ్, ఆయన పైన కెప్టెన్ సాబ్. ఉత్తరాది వాళ్లే అంతా. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"లేత్ మీద ఉన్నంతసేపు నువ్వు టర్నరువి. మిగతా టైమంతా నా నాలుకవి" అన్నాడు కెప్టెన్ సాబ్, మొదటి రోజే.

ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. జెండా పండగ వస్తే కాలనీ వాళ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తుక్కు ఇనుముతో ఒక్కరోజులో రంపం మిషనుకు ఇరుసు చేసి ఊళ్లకు దారి వేయించిన సైనికుడని పిల్లలకు చెబుతారు. ఇరుసు చేసిన మాట నిజం. తుక్కు అన్న మాట అబద్ధం. ఆ అబద్ధం మొదట ఆడినది నేనే కాబట్టి దిద్దవలసినదీ నేనే.

అచ్యుతాపురం అవతల గెడ్డ మీద వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఊళ్లకు మందులు, బియ్యం తాడు కట్టి లాగుతున్నారు. కొత్త వంతెనకు ఇనుప దూలాలు వెనక లారీల్లో వస్తున్నాయి. వాటి మీద పరచడానికి మందపాటి చెక్క పలకలు కావాలి. పడిపోయిన చెట్లు ఊరి నిండా ఉన్నాయి. మా దగ్గరున్న చేతి రంపాలు మాను అడ్డంగా కోస్తాయి గానీ పలక తీయలేవు. పూర్ణా మార్కెట్ వెనక ఒక పాత కర్రల డిపోలో బ్యాండ్‌సా ఉందని తెలిసింది. పైనొకటి, కిందొకటి నిలువెత్తు చక్రాలు, వాటి చుట్టూ బెల్టులా తిరిగే రంపం బ్లేడు. డీజిల్ ఇంజన్‌తో నడుస్తుంది కాబట్టి కరెంటుతో పని లేదు.

డిపో మిస్త్రీ పేరు సన్యాసి. మమ్మల్ని చూసి లేవలేదు, బీడీ మాత్రం పారేశాడు.

"మిషను మెడ ఇరిగిపోనాది బాబూ. షెడ్డు దూలం తిన్నగా దాని మీదే పడ్డాది. కింద సెక్రం బాగుంది. పై సెక్రం ఇరుసు రెండు ముక్కలు."

"మాకు పలకలు రేపు కావాలి" అన్నాను.

"నాకూ పెళ్లాం రేపే కావాల. ఎక్కణ్ణించి తెత్తాను?"

డ్రైవరు ఆ మాటలేమిటని అడిగాడు. చెప్పాను. నవ్వాడు. నేను నవ్వలేదు. విరిగిన ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని కొలిచాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుంటే అందనంత లావు. చక్రం కూర్చునే చోట ఒక మెట్టు, బేరింగుల కోసం ఇంకో మెట్టు, చివర నట్టు బిగించే మర. సుబేదార్ సాబ్ అడిగాడు, అవుతుందా అని. రేపు పొద్దుటికి తిరుగుతుంది సాబ్ అన్నాను. ఎవరూ నన్ను రేపు పొద్దుట అనమని అడగలేదు. సన్యాసితో రేపు అన్నదీ నేనే. నా నోటి దూల అది.

ఇనుము మా దగ్గర ఉంది. స్టోరులో లారీ యాక్సిల్ ఒకటి గ్రీజు పూసి కాగితం చుట్టి ఉంది. కానీ అది గట్టిపరచిన ఉక్కు. లేత్ ఉలి దాన్ని పట్టదు. ఎర్రగా కాల్చి, బూడిదలో పాతిపెట్టి, నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. దానికి ఒక రోజు. నేను మాటిచ్చినదానికంటే ఒక రోజు ఎక్కువ. ఈ రాత మొత్తం ఆ ఒక్క రోజు గురించే.

చేపల రేవులో విరిగిన బోట్లు గుట్టలుగా పడి ఉన్నాయని వెల్డరు చెప్పాడు. బోటు ఇంజన్‌ని నీళ్లలోని ఫ్యానుతో కలిపే షాఫ్టు మంచి ఉక్కు, ఉలికి మెత్తగా లొంగుతుంది. కెప్టెన్ సాబ్‌ని జీపులో తీసుకుని, వెనక లారీతో వెళ్లాం. ఆయన ఆర్డరు స్పష్టంగా ఉంది. "పూర్తిగా పోయిన బోటులోంచే తీయాలి. యజమాని ఒప్పుకుంటేనే తీయాలి."

పోయిన బోట్ల షాఫ్టులు చూశాను. రాళ్ల మధ్య కొన్ని వంగాయి, కొన్ని ఇంజన్‌తో సహా నీళ్లలో ఉన్నాయి. సరైన లావు, తిన్నని గీతలాంటి షాఫ్టు ఒక్క బోటుకే కనపడింది. అలలు దాన్ని ఎత్తి ఇసుక మీద ఒరగకుండా కూర్చోబెట్టాయి. ఒక పక్క రంగు పోయింది. అంతకుమించి దెబ్బ లేదు. ముక్కుకు పసుపు రాసి ఉంది. తుపాను కడిగేయగా మిగిలిన పసుపు కాదు, ఆ పొద్దున రాసింది. పోయిన బోటుకు ఎవరూ పసుపు రాయరు. అది నాకు తెలుసు. కెప్టెన్ సాబ్‌కు తెలియదు.

బోటు కింద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. పేరు నూకరాజు. నా వయసే ఉంటుంది. నా తెలుగు వినగానే ముఖం విప్పారింది.

"మనోడివే! ఏ ఊరు బావా?"

"బావా గీవా కాదు. సార్ అను."

"అలాగే సార్."

కెప్టెన్ సాబ్ హిందీలో అన్నాడు, "ఈ బోటు మళ్లీ పనికొస్తుందేమో అడుగు."

అడిగాను. నూకరాజు బోటు పక్కన చెయ్యి వేసి చెప్పాడు. "దీనికేటీ అవ్వనేదు సార్. ఇంజిను తిరగతాది, కావాలంటే ఇప్పుడే సూపిత్తాను. అమాస పోటుకి నీళ్లు ఇక్కడి దాకా వత్తాయి. మా వోళ్లందరం పట్టి తోసీత్తాం. ఈ ఊళ్లో ముందు ఏటకెల్లే బోటు మాదే."

"ఏమంటున్నాడు?"

"ఇంజన్ పోయిందట సార్. బోటు అయిపోయిందంటున్నాడు."

కెప్టెన్ సాబ్ ముక్కు వైపు చూశాడు. "ఆ పసుపు ఏమిటి?"

"చచ్చిపోయిన పడవకు చేసే ఆఖరి పూజ సార్."

ఆయన టోపీ తీశాడు. ఒక క్షణం తల వంచి నిలబడ్డాడు. ఆయన మంచివాడు. అందుకే అంత సులువుగా మోసపోయాడు. "షాఫ్టు ఇస్తాడేమో అడుగు. బలవంతం లేదని చెప్పు."

నేను నూకరాజు వైపు తిరిగాను. "షాఫ్టు లోపల్లోపల వంకర పోయుంటుందని దొరగారి అనుమానం. మా లేత్ మీద ఎక్కించి సరిచేసి ఇస్తారట. డబ్బులక్కర్లేదు."

అతను చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కెప్టెన్ సాబ్ ఆ చేతులను విడదీసి, కుడిచెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకరు ఇచ్చినందుకు కృతజ్ఞత చెబుతున్నారు. ఒకరు బాగుచేస్తున్నందుకు చెబుతున్నారు. మధ్యలో నేను నిలబడ్డాను. ఆ రెండు భాషలూ ఒకచోట తెలిసిన మనిషి ఆ ఇసుక మీద ఇంకొకడు లేడు.

షాఫ్టు తీయడానికి మేము తెచ్చిన పానాలు సరిపోలేదు. నూకరాజు సొంత పానాలు తెచ్చాడు. ఇంజన్ గదిలోకి పాకుతూ దిగి, నట్లు తనే విప్పాడు. ఫ్యాను ఊడదీయడానికి బావమరుదుల్ని కేకేశాడు. షాఫ్టు బయటికి జారుతుంటే భుజం కింద పెట్టి పట్టుకున్నాడు.

"మద్దెలో పట్టుకోండి బాబూ, వంగిపోద్ది! ఒరే, ఆ సివర నేలకి తగలనీకు!"

లారీలో ఊగకుండా గోనెసంచులు పరిచాడు. లారీ కదులుతుంటే పక్కనే నడిచాడు.

"ఎప్పుడిత్తారు సార్?"

"అమావాస్య లోపు."

"అమాస దాటిపోతే నీళ్లు వెనక్కెల్లిపోతాయి సార్. బోటు ఇసకలోనే ఉండిపోద్ది."

"చెప్పాను కదా."

మధ్యాహ్నం షాఫ్టును రంపంతో రెండుగా కోశాను. ఒకసారి కోస్తే అది మళ్లీ షాఫ్టు కాదు. డ్రైవరు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఆ బోటు మనిషి అంత ఆనందంగా ఎందుకున్నాడు ఉస్తాద్? బోటు పోయినవాడు అలా నవ్వుతాడా?"

"వీళ్లంతే. ఉలి వేడెక్కుతోంది, కొబ్బరినూనె తెచ్చి దాని మీద పొయ్యి" అన్నాను. వీళ్లు అన్నాను. నా ఊరు అక్కడికి లారీలో రెండు గంటలు.

పని మాత్రం బాగా కుదిరింది. పాత ఇరుసు కొలతలు వెంట్రుక వాసి తేడా లేకుండా పట్టాను. పాతది తెగిన మూలను ఈసారి గుండ్రంగా వదిలాను, అక్కడ మళ్లీ తెగకుండా. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే తాళం గాడిని ఉలితో, ఆకురాయితో చేతిపనిగా తీశాను. చీకటి పడేలోగా బేరింగులు బిగించి, పై చక్రం ఎక్కించి, చేత్తో తిప్పాను. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి దానంతట అదే ఆగింది. సన్యాసి మిస్త్రీ నా భుజం తట్టాడు.

"ఏటి బాబూ ఇది, కొత్త పెళ్లికూతురిలాగ నడుస్తంది!"

మర్నాడు పొద్దున మొదటి మాను కోశాం. వైర్‌లెస్‌లో గెడ్డ దగ్గరి కంపెనీ గొంతు అడిగింది. "పలకలు ఎప్పుడు? ఓవర్."

"బయల్దేరాయి. ఓవర్."

"శభాష్. ఇనుప దూలాలు దారిలో ఇరుక్కున్నాయి. ఒక రోజు ఆలస్యం. పలకలు ఒడ్డున దించి ఉంచండి. ఓవర్."

ఆపరేటర్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. పలకలు గెడ్డ ఒడ్డున ఒక పగలూ ఒక రాత్రీ మళ్లీ పట్టిన వానలో తడుస్తూ పడి ఉన్నాయి. యాక్సిల్ బూడిదలో చల్లారడానికి ఎంత సేపు పడుతుందో సరిగ్గా అంతసేపు.

వంతెన కట్టాం. జనం దాటారు. మొదట దాటినది ఒక నిండు గర్భిణి అని కాలనీలో చెబుతుంటారు. నాకు గుర్తున్నంతవరకు మేకలు.

నూకరాజు మా క్యాంపు గేటుకు మూడుసార్లు వచ్చాడు. కాపలా జవానుకు తెలుగు రాదు. మొదటిసారి ఎవడో అడుక్కోవడానికి వచ్చాడని జవానుకు నేనే చెప్పాను. రెండోసారి వచ్చినప్పుడు జవాను జాలిపడి రెండు బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టాడు.

"బిస్కట్లు కాదు బాబూ. షాఫ్టు. మా బోటు షాఫ్టు. ఆ తెలుగు సారుని పిలవండి."

లారీ వెనక నిలబడి విన్నాను. జవాను ఇంకో ప్యాకెట్ ఇచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు నేను గేటు వైపే వెళ్లలేదు. గొంతు మాత్రం వినిపించింది. అప్పటికి అడగడం మానేసి తిడుతున్నాడు. ఆ తిట్లు మా నాన్న తిట్టే తిట్లే.

తిరుగు ప్రయాణం అమావాస్య నాడు పడింది. బళ్లను రైలెక్కించడానికి పోర్టు సైడింగ్‌కు వెళ్లాలి. రేవు పక్క రోడ్డు మీద, గేటు తీసేదాకా కాన్వాయ్ ఆగింది. నేను జీపు వెనక, కెప్టెన్ సాబ్ ముందు. పోటు నిండుగా ఉంది. నీళ్లు ఇసుక దాటి వచ్చాయి, అతను చెప్పినంతవరకూ వచ్చాయి.

బోటు తేలుతోంది. షాఫ్టు ఉండే కన్నానికి ఏదో కుక్కి, మనుషులు పట్టి నీళ్లలోకి తోసేశారు. అతనికి అది ఒక్కటే పోటు. మరో బోటుకు తాడు కట్టి జెట్టీకి లాగిస్తున్నారు. మేము చూస్తుండగానే తాడు తెగింది. రెండో బోటు వెనక్కి తిరిగే లోపు అల ఒకటి దీన్ని పక్కకు తిప్పింది.

ఇంజన్ చప్పుడు వినిపించింది. లోపలి నీళ్లు తోడటానికి వేసి ఉంటాడు. నల్లటి పొగ, ఆగకుండా టకటక. కెప్టెన్ సాబ్ తల తిప్పాడు.

"అది మనం షాఫ్టు తీసిన బోటు కదా? ఇంజన్ పోయిందన్నావు?"

"అది వేరే బోటు సార్."

ఆయన నన్ను చూశాడు. గేటు తెరుచుకుంది. జీపు కదిలింది. ఆ తర్వాత ఆయన నాతో పని ఉంటేనే మాట్లాడాడు. ప్రశంసాపత్రం మీద సంతకం మాత్రం పెట్టాడు.

రిటైరయ్యాక రేవులో వాకబు చేశాను. తుపాను తర్వాత పగిలిన బోటు కాబట్టి పరిహారం రాలేదన్నారు. నూకరాజు కుటుంబంతో ఒడిశా వైపు కూలికి వెళ్లిపోయాడన్నారు. ఏ రేవో ఎవరూ చెప్పలేకపోయారు. ఇరుసు ఇప్పటికీ తిరుగుతోంది. వెళ్లి చూసి వచ్చాను.

కళ్లు మూస్తే వచ్చేది అది కాదు. జీపు మలుపు తిరిగే ముందు కనపడింది. బోటు వెనకభాగం ముందుకు పెట్టి రాళ్ల గట్టు వైపు పోతోంది. ఇంజన్ పూర్తి జోరులో ఉంది, తిప్పడానికి కింద ఫ్యాను లేదు. నూకరాజు ఒక్కడే పైన నిలబడి, రెండు చేతులతో, ఒళ్లంతా బిగించి చుక్కాని చక్రం తిప్పుతున్నాడు. ఇటు తిప్పుతాడు. అటు తిప్పుతాడు. రాళ్లు దగ్గరయ్యే కొద్దీ ఇంకా గట్టిగా తిప్పుతున్నాడు.