పది నంబర్ ఆయిల్

మా ఆయన దగ్గర ఒక పాత చైన్ డోజర్ ఉంది. వయసులో నాకంటే పెద్దది. దాన్ని ఎంత ముద్దుగా చూసుకుంటాడంటే, పెళ్లైన కొత్తలో నాకు నిజంగానే ఒళ్లు మండేది. పెద్ద అంబర్‌పేట్ వైపు వెంచర్లలో నేల చదును చేయడం ఆయన పని. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆయిల్ షాపులో కౌంటర్ దగ్గర ఉంటాను. ఏ బండికి ఏ ఆయిల్ అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ పొగరు నాకు ఉండేది, లేదని అబద్ధమెందుకు?

వెంచర్లలో చెట్టన్నది మిగలనివ్వరు. అందుకని అక్కడి డోజర్ వాళ్లకు ఒక అలవాటు. మధ్యాహ్నం ముందున్న బ్లేడును నడుమెత్తు లేపి, ఇంజిన్ ఆపేసి, దాని నీడలో కూర్చుని తింటారు. తిన్నాక అక్కడే తువ్వాలు పరుచుకుని ఓ కునుకు తీస్తారు. మనిషి మీద పడితే మిగిలేదేమీ ఉండదు, అంత ఇనుము. దాన్ని పైన నిలబెట్టేది గొట్టాల్లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ ఒక్కటే. కింద ఓ మొద్దు పెట్టుకోవచ్చు కదా అంటే మా ఆయనకు పౌరుషం.

"నా బ్లేడు గంటసేపైనా ఇంచు దిగదు. మొద్దు వెడ్తె నా బండికి ఇజ్జత్ ఉంటదా?" అనేవాడు.

అలాంటి బండి పోయిన చలికాలం పొద్దుటిపూట మొరాయించడం మొదలుపెట్టింది. లివర్ లాగితే బ్లేడు లేవడానికి తెగ మూలిగేది. ఆయన ఎప్పుడూ పోసేది ముప్పై నంబర్, చిక్కటిది. నేను పట్టుబట్టి బండి పుస్తకం జిరాక్స్ తెప్పించాను. హైడ్రాలిక్‌కు పది నంబర్ అని అందులో ఉంది. అది పల్చటిది.

"సూడయ్యా, ఇన్నేండ్ల నుంచి తప్పు ఆయిల్ పోస్తున్నవ్," అన్నాను.

"మా ఉస్తాద్ గదే పోసెటోడు."

"బండి చేసినోనికంటె మీ ఉస్తాద్‌కు ఎక్కువ తెల్సా?"

ఆయన నేను తెచ్చిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి చూసి, "గిది నీళ్ల లెక్కున్నదే," అన్నాడు. నేను పగలబడి నవ్వాను. అంతటితో ఊరుకున్నానా? వేళ్లతో ఆయిల్ చూసే ఇంజనీరు సారు వచ్చిండు అంటూ మా అత్తమ్మ ముందు, చర్చి నుంచి మాతో వచ్చిన చుట్టాల ముందు ఆటపట్టించాను. ఆ ఆదివారమే పాత ఆయిల్ మొత్తం దించి, పది నంబర్ పోయించాను. మర్నాడు అంత చలిలోనూ బ్లేడు చటుక్కున లేచింది. ఇంకేముంది, నన్ను పట్టేవాళ్లు లేరు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. ఒకరోజు మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో షెడ్డున్న పెద్ద మెకానిక్ ఒకాయన షాపుకు వచ్చాడు. కోస్తా మనిషి. మాటల్లో మాటగా నా గొప్ప చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు.

"పాత బండంటున్నావ్ కదమ్మాయ్, వాల్వులు అరిగిపోయుంటాయి. ఈ ఎండకి పల్చటి ఆయిల్ ఇంకా పల్చబడి లోపల్లోపలే జారిపోద్ది. బ్లేడు ఎత్తి వదిలేస్తే నెమ్మదిగా దిగిపోద్ది. పుస్తకంలో ఎండ ప్రాంతాలకి వేరే వరస ఉంటుందే, చూళ్లేదా?"

ఆ పేజీ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. పెద్దది చేసి చూశాను. పది నంబర్ చల్లటి చోట్లకు. దాని కిందే ఇంకో వరుస, ఎండ ఎక్కువుండే చోట్లకు ముప్పై నంబర్. నేను మొదటి వరుస చదివి పుస్తకం మూసేశాను! గోడ గడియారం చూస్తే ఒంటిగంటకు ఇరవై నిమిషాలు తక్కువ. ఒంటిగంటకల్లా మా ఆయన బ్లేడు కింద అన్నానికి కూర్చుంటాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. పనిలో ఉన్నంతసేపు ఫోన్ సీటు కింద డబ్బాలో పడేస్తాడు. అక్కడి సూపర్‌వైజర్ నంబర్ ఒక్కసారైనా అడిగి తీసుకున్నానా? లేదు. షాపులో ఏం చెప్పి బయటపడ్డానో కూడా గుర్తు లేదు, మెట్రో స్టేషన్‌కు పరుగెత్తాను.

రైల్లో తలుపు దగ్గరే నిలబడి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. ప్రతి స్టేషన్లో ఆ తలుపులు మూసుకోవడానికి ఎంతసేపు! ఎల్‌బీ నగర్‌లో దిగి ఆటో ఎక్కాను.

"అన్నా, జర జల్ది పోనీ, నీ కాళ్లు మొక్కుత."

"ఏమైందక్కా, దవాఖానకా?"

"దవాఖాన దాకా రావద్దనే పోతున్న!"

హయత్‌నగర్‌లో లారీల వెనక ఆటో ఆగిపోయింది. ప్రభువా, నా తెలివి తెల్లారింది, ఆ మనిషిని మాత్రం లేపు, ఆకలి పుట్టకుండా చెయ్యి, ఏదో ఒకటి చెయ్యి అని గొణుక్కుంటూ కూర్చున్నాను.

వెంచర్ చేరేసరికి ఒకటిన్నర దాటింది. టిప్పర్లు లేవు, మనిషి అలికిడి లేదు. అంత మైదానంలో డోజర్ ఒక్కటే ఆగి ఉంది. బ్లేడు నడుమెత్తులో లేదు. దూరం నుంచే తెలిసిపోయింది. కొంగు జారుతున్నా చూసుకోకుండా పరుగెత్తాను.

కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. ఆయన వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. ఛాతీకీ ఇనుముకీ మధ్య జానెడు కూడా లేదు. అరవబోయి నోరు నొక్కుకున్నాను. ఉలిక్కిపడి లేచాడంటే నుదురు నేరుగా ఇనుముకే కొట్టుకుంటుంది. ఆయన రెండు మడమలూ పట్టుకుని, నా కాళ్లు నేలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. కదల్లేదు. మళ్లీ లాగాను. బస్తా జరిగినట్టు జరిగాడు. తల బయటికి వచ్చేదాకా ఆపలేదు, ఆపాక అక్కడే కూలబడ్డాను.

"ఏందే! ఏమైంది నీకు?" అని కళ్లు నులుముకుంటూ లేచాడు.

నేను బ్లేడు వైపు వేలు చూపించాను. చప్పుడు లేకుండా అది ఇంకా దిగుతూనే ఉంది. మేమిద్దరం చూస్తుండగానే ఆయన పడుకున్న తువ్వాలు మీద ఆనింది.

"తప్పు నాదే," అన్నాను. "ఆయిల్ తప్పు. నేను సగమే సదివిన."

ఆయన బ్లేడు మీద నుంచి చూపు తిప్పలేదు. "వారం నుంచి జారుతనే ఉన్నది. నాకెర్కే."

"ఎర్కుండి గూడ కింద పండుకుంటివా? నీకేమన్న పిచ్చా?"

"జల్ది తిని లేద్దామనుకున్న. కన్నంటుకున్నది."

"మరి నాకెందుకు చెప్పలే? ఆ దినమే మార్పిస్తుంటి గదా!"

ఆయన వీపు మీది దుమ్ము దులుపుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టుకున్నాడు. నా మొహం చూడకుండా, మెల్లగా అన్నాడు.

"చెప్తె మల్ల నవ్వుతవనుకున్న."

దారి పొడుగునా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.