నేలకు బిగించినవన్నీ

మార్కెట్ యార్డుకు పోయే దారిలో నేనూ మా ఆయనా ఒక మడిగె, అంటే కిరాయికిచ్చే దుకాణం గది, చూసుకున్నాం. పసుపు, కారం పట్టే గిర్ని పెట్టాలని. మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు నుంచి పసుపు అమ్మడానికి వచ్చే రైతులు ఇంటికోసం ఇంత పొడి పట్టించుకుని పోతారని మా ఆశ.

మడిగె యజమాని మా ఆయనను చిన్నప్పటి నుంచి ఎరిగిన పెద్దమనిషి. చాయ్ తెప్పించి, కిరాయి కాగితం నా ముందు పెట్టాడు. గిర్ని నా పేరు మీదే కాబట్టి సంతకం నాది. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. కిరాయిదారు నేలకు, గోడలకు బిగించినవన్నీ ఖాళీ చేసేనాడు యజమానికే చెందుతాయని ఉంది.

“గిదేంది మామా? మా మిషిని నేలకే బిగిస్తం గద?”

“గది అందరి కాగితంల ఉండేదే బిడ్డా. నీ మిషిని నేనేం జేస్కుంట?”

“గట్లయితే గా లైన్ కొట్టేయున్రి.”

ఆయన ముఖం మాడిపోయింది. మా ఆయన నా వైపు వంగి, “పెద్దమనిషి ముందట ఇజ్జత్ తీస్తున్నవ్. పెట్టు సంతకం” అన్నాడు.

పెట్టాను.

కాంక్రీటు దిమ్మె పోయించి మిషను బిగించాం. త్రీఫేజ్ కరెంటు తెప్పించాం. గిరాకీ బాగా కుదిరింది. పండగ రోజు తలంటుకున్నా నా చెవుల వెనుక పసుపు పోయేది కాదు. అంతా కుదురుకున్నాక పెద్దమనిషి వచ్చాడు.

“మా అల్లుడు దుబాయి నుంచి వాపసొచ్చిండు. ఆయనకు గీ మడిగె గావాలె. మిషిని గట్లనే ఉండనియ్యున్రి. కాగితంల ఉన్నదే గద.”

కాగితం తీసుకుని వకీలు దగ్గరికి పోయాం.

వకీలు కాగితం చూసి, “చదివే పెట్టిన్రా సంతకం?” అని అడిగాడు.

“చదివే పెట్టిన” అన్నాను. ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

నలుగురు పెద్దల్ని కూర్చోబెడితే మిషను మాత్రం ఇప్పించారు. దిమ్మె, కరెంటు కనెక్షన్, గిరాకీ అక్కడే ఉండిపోయాయి. అదే దిమ్మె మీద ఇప్పుడు అల్లుడి మిషను తిరుగుతోంది.

మొన్న ఇంకో మడిగె చూశాం. కాగితం ఇంటికి తీసుకుపోయి చదివి చెప్తానన్నాను. ఆ యజమాని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నవ్వుతూ అన్నాడు:

“ఏమనుకోకున్రి అన్నా. మా ఆమెకు జర అనుమానమెక్కువ.”