నా చేతికి సరిపోయిన ట్వీజర్

మా ఆయన పనిముట్లలో ఒక్కటీ నా చేతికి సరిపోదు. ఆ సంగతి తెలిసిరావడానికి ఆయన కుడి చెయ్యి పడిపోవాల్సి వచ్చింది.

తెనాలిలో మాదొక రిపేరు షాపు. ఒకప్పుడు టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. ఇప్పుడు యాంప్లిఫయర్లు, ఇండక్షన్ పొయ్యిలు, ఇన్వర్టర్ బోర్డులు వస్తున్నాయి. నిరుడు వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాట పోలేదు. కాలు కొంచెం ఈడుస్తూనే నడుస్తారు. కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతూ ఉండిపోయింది. మాట పోలేదని డాక్టరు చెప్పాడే గాని, ఆ మాట ఇంట్లో ఎవరికైనా వినపడితే ఒట్టు. ఊ అంటే ఊ, ఆ అంటే ఆ. ముక్కు మీద కోపం ఉన్న మనిషి, కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినపడేలా అరిచే మనిషి, చప్పిడి పప్పు పెట్టినా తలవంచుకుని తినేసి లేచేవారు. అది చూసి నాకు చెయ్యి పడిపోయినప్పటి కంటే ఎక్కువ భయం వేసింది.

ఒకరోజు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా షాపు యజమానితో "నెలాఖరుకి ఖాళీ చేస్తామండి" అనేశారు. యజమాని నన్ను అడిగితే నాకు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్ళి, ఆయన తిని లేచేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. స్క్రూలు విప్పాను, బోర్డుల దుమ్ము దులిపాను, తెగిన వైర్లు అతికించాను. చెయ్యి ఆయనకు పోయింది, నాకు పోలేదు కదా.

"మీరు చెప్పండి, నేను చేస్తాను. షాపు తీసెయ్యొద్దు," అన్నాను.

ఆయన గోడవైపు చూస్తూ, "నీ వల్ల కాదులే," అన్నారు.

అంతే. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

సరే, ఆయన సొరుగు తీసి కూర్చున్నాను. తీగలు కోసే కటింగ్ ప్లేయర్ పట్టుకుంటే నా వేళ్ళు అవతలి పిడిని అందుకోవడానికే సాగదీయాలి. స్క్రూడ్రైవర్ల పిడులు ఆయన అరచేతికి అరిగిపోయి, నా చేతిలో గిర్రున తిరుగుతున్నాయి. ఇక ట్వీజర్. సన్నటి మొనలున్న పట్టకారు అది, బోర్డు మీది చిన్న చిన్న ముక్కల్ని పట్టుకోవడానికి. అదెంత బిగువంటే, కాసేపు నొక్కేసరికి బొటనవేలు మొద్దుబారిపోయింది. ఆయన చేతులు అలాంటివి మరి. నా చేతులు వేరు. పెళ్ళికి ముందు వేటపాలెంలో జీడిపప్పు పొట్టు తీసిన చేతులు నావి. చిన్న కత్తితో, గింజ బద్దలవకుండా పొట్టు ఒక్కటే లేవాలి. బలం పెట్టామంటే గుండుపప్పు కాస్తా బద్దలైపోతుంది. మేస్త్రమ్మ నోరు తెరుస్తుంది. అందుకని నాకు బలంతో పని రాదు, వేళ్ళ మొనలతో వస్తుంది.

అలా పనిముట్ల వేట మొదలైంది. పొద్దున్నే లేచి వంట, ఆయన స్నానం, చేతికి నూనె రాసి వ్యాయామం, తర్వాత షాపు. ఈ మధ్యలో పనిముట్ల కోసం తిరగడం. తల ప్రాణం తోకకొచ్చింది. తెనాలిలో రెండు కొట్లు చూశాను. రెండింటిలోనూ మగవాళ్ళ చేతుల కొలతలే.

బాపట్లలో ఒకాయన చేతికి వ్యాయామం బాగా చేయిస్తారంటే మా ఆయన్ని తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ స్టేషన్ దారిలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్టు కనపడింది. ఈయన మెట్టు మీదే ఆగిపోయారు, లోపలికి రానంటే రానని. నేనొక్కదాన్నే వెళ్ళాను.

"ట్వీజర్లు చూపించు బాబూ," అన్నాను.

"ఎవరికండి? బాబు కాలేజీ ప్రాజెక్టుకాండి?"

"నాకే."

కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, గులాబీరంగు పెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. "ఇది లేడీస్‌కి బాగుంటదండి, లైట్ వెయిట్." లోపల అన్నీ బొమ్మల్లా ఉన్నాయి. ట్వీజర్ తీసి వెలుతురుకి పట్టి మెల్లగా నొక్కాను. రెండు మొనలూ ఒకచోట కలవాల్సింది పోయి, ఒకదాన్నొకటి దాటి పోయాయి. కటింగ్ ప్లేయర్ మూసి చూస్తే అంచుల మధ్య నుంచి ఎదురింటి గోడ కనపడుతోంది. అది తీగను కొయ్యదు, నములుతుంది.

"రంగుదేముంది బాబూ, ఇందులో ఒక్కటి కూడా కలవట్లేదుగా," అన్నాను.

"మొదట్లో అలాగే ఉంటదండి, వాడితే కలుస్తది."

వాడితే కలవడానికి అదేమన్నా కొత్త కాపురమా! పెట్టె వెనక్కి తోసేసి బయటికొచ్చాను. ఈయనకి అంతా వినపడే ఉంటుంది. ఏమైనా అంటారేమోనని మొహంలోకి చూశాను. ఆటోలు చూస్తూ నిలబడ్డారు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం తిరుగుతున్నాను ఇదంతా? పనిముట్లు కొనొచ్చు. ఏ బోర్డులో ఏం పోయిందో చెప్పే నోరు ఏ కొట్లో అమ్ముతారు?

మిగిలిన దారి రేపల్లె ఒకటే. అక్కడ ఆయన పాత భాగస్తుడున్నాడు. ఇద్దరూ కలిసే పని నేర్చుకున్నారు, మా షాపు కలిసే పెట్టారు. ఒకరోజు ఆ అన్నయ్యగారు కటింగ్ ప్లేయర్‌ను బల్ల మీద పెట్టకుండా నేరుగా మా ఆయన చేతికే ఇచ్చేశారట. కత్తెర, సూది, ఉప్పు లాంటివి నేరుగా చేతికే ఇస్తే గొడవలొస్తాయని మా అత్తగారి పట్టింపు. ఈయన ఆ పట్టింపుని పనిముట్లకు కూడా అంటగట్టారు. ఆ వారంలోనే ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయారు. ఒకరు ఇంకొకరి మాట వినరు, అదీ అసలు కారణం. కానీ మా ఆయన దృష్టిలో దోషం కటింగ్ ప్లేయర్‌దే. అప్పట్నుంచి మా షాపులో మొన ఉన్నదేదీ ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి వెళ్ళదు. బల్ల మీద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి.

చెయ్యి పడిపోయాక ఈ పట్టింపు మరీ ముదిరింది. టీవీ రిమోట్ తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తే కౌంటరు మీద పెట్టి పక్కకు తిరుగుతారు. ఇంట్లో తువ్వాలు అడిగితే మంచం మీద పెడతారు. టీ కొట్టు నుంచి రెండు గ్లాసులొస్తే, నాది బల్ల అంచున పెట్టి రోడ్డు వైపు చూస్తారు. టీ గ్లాసుకి మొన ఎక్కడుంది? విసుగొచ్చి అడగడం మానేశాను.

రేపల్లె ప్యాసింజర్ భట్టిప్రోలు దాటేదాకా ఈయన కళ్ళు మూసుకునే ఉన్నారు. అన్నయ్యగారి షాపూ ఇల్లూ ఒకటే. మోకాళ్ళ నొప్పులతో పని మానేశారు. మమ్మల్ని చూసి గోడ పట్టుకుని లేచారు. తర్వాత మా ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసి, "ఏంట్రా ఇది?" అన్నారు. ఈయన తల ఊపారు.

విషయం చెప్పాను. అన్నయ్యగారు లోపలికెళ్ళి తన పనిముట్లన్నీ తెచ్చి న్యూస్‌పేపర్ మీద పరిచారు. "చెల్లెమ్మా, నీకేది కావాలో నువ్వే చూసుకో. గట్టిగా నొక్కాల్సొచ్చేది మాత్రం తీసుకోమాక. సాయంత్రానికి వేళ్ళు పోతాయ్."

ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. స్క్రూడ్రైవర్‌ను స్క్రూ గాడిలో పెట్టి కదిపాను, లోపల ఊగితే పక్కన పెట్టాను. చిన్న కటింగ్ ప్లేయర్ ఒకటుంది, మధ్యలో స్ప్రింగ్ ఉండి దానంతటదే తెరుచుకుంటోంది. మళ్ళీ తెరవడానికి వేళ్ళతో అవస్థ పడక్కర్లేదు. అది తీసుకున్నాను. పెద్ద ప్లేయర్ ఒకటి మెరుస్తుంటే ఆశపడి పట్టుకున్నాను. తలెత్తి చూస్తే మా ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. చూశానని తెలియగానే మొహం తిప్పేసుకున్నారు. నేను ఆ ప్లేయర్ పెట్టేశాను గాని, ఆ తల ఊపడం మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నాను.

చివర్లో ట్వీజర్. సన్నగా, మెత్తగా ఉంది. పేపరు మీద నా తలవెంట్రుక ఒకటి పడితే దానితో పట్టి ఎత్తాను. జారలేదు. జీడిపప్పు కత్తి గుర్తొచ్చింది. చూపుడువేలు, బొటనవేలు తప్ప మిగతా చెయ్యికి పని లేదు.

"ఇదండీ అన్నయ్యగారూ."

"నాకు తెలుసులే, అదే తీస్తావని. అది నా చేతికి ఎప్పుడూ నచ్చలా," అని నవ్వారు. నేను పేపరు మీద పెడితే, తుడిచి మళ్ళీ పేపరు మీదే పెట్టారు, నేను తీసుకున్నాను. మా ఆయన ముందు అన్నయ్యగారు కూడా చేతికి ఇవ్వడానికి సాహసించలేదు.

నెలాఖరు ఆ వారంలోనే. రేపల్లె నుంచి వచ్చిన మర్నాడు చర్చి పెద్ద ఒకాయన యాంప్లిఫయర్ తెచ్చారు. "ఆదివారం ఆరాధనకి కావాలమ్మా. అయిద్దంటావా?" "అవుతుందండి బాబాయిగారూ," అన్నాను నేను.

మూత తీస్తే, రెండు కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అది నాకూ తెలుసు, ఉబ్బితే మార్చాలి. ఈయన కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నారు. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. మొదటి కెపాసిటర్ లాగితే దాని తీగ కాలు ఒకటి విరిగి బోర్డు రంధ్రంలోనే ఉండిపోయింది. ఐరన్ ఆనించి సీసం కరిగించి, ఆ ముక్కను ట్వీజర్‌తో లాగాలి. ఐరన్ ఆనించాక చూస్తే, ట్వీజర్ ఆయన వైపు ఉంది. అప్పుడు ఐరన్ ఎత్తెయ్యాలి, ఎవరికైనా తెలుస్తుంది. నాకు తోచలేదు. చూపు తిప్పితే చెయ్యి కదులుతుందనే భయం ఒక్కటే.

"ట్వీజర్ ఇవ్వండి," అని ఎడమ చెయ్యి చాపాను.

బల్ల మీద టక్కుమని చప్పుడైంది. పెట్టారు.

"బల్ల మీద కాదండీ, నేను చూడలేను. చేతికివ్వండి."

నా అరచెయ్యి ఖాళీగానే ఉంది.

"గొడవొస్తే రానివ్వండి! మన మధ్య గొడవ లేక ఎన్నాళ్ళైంది? ఇవ్వండి!"

"గొడవ గురించి కాదే." అన్నారాయన. "ఎడం చేత్తో ఎలా ఇవ్వమంటావ్?"

బోర్డు మీంచి పొగ లేస్తోంది. నాకు రిమోట్ కనపడింది, తువ్వాలు కనపడింది, బల్ల అంచున టీ గ్లాసు కనపడింది. ఇన్నాళ్ళూ మనుషులకి ఎడం చెయ్యి చాపలేక అన్నీ ఎక్కడో ఒకచోట పెట్టేసి మొహం తిప్పుకుంటున్నారు ఈ మనిషి. నేనేమో పట్టింపు ముదిరిందనుకున్నాను.

"నేను చాపింది ఎడమ చెయ్యే కదండీ," అన్నాను.

ట్వీజర్ నా అరచేతిలో పడింది. ఆయన వేళ్ళు తగిలాయి, చల్లగా. ముక్క లాగేశాను.

"ఐరన్ ఎత్తు ముందు!" కుర్చీ గిర్రున తిరిగింది. "అంతసేపు ఆనిస్తారా ఎవరన్నా? కింద రాగి గీత లేచిపోద్ది! బోర్డు మాడ్చేద్దామనా?"

"చెప్పేవాళ్ళు రోడ్డు చూస్తా కూర్చుంటే మాడక ఏమవుద్ది?"

"కళ్ళు లేవా నీకు? ఆ గీత ఏంటి, తెల్లగీత? అది మైనస్. అటు పెట్టు. అటు కాదే, అటు!"

"అరవమాకండి, చెవులున్నాయ్ నాకు!"

ఎదురుగా పళ్ళబండి ఆమె తూకం ఆపి మావైపు చూసింది. చూడనీ. రెండో కెపాసిటర్ పూర్తయ్యేదాకా ఆయన తిట్టని తిట్టు లేదు. నేను ఒక్కదానికీ బదులివ్వకుండా వదల్లేదు. యాంప్లిఫయర్ పలికింది. నా నడుము విరిగిపోయింది, కళ్ళు మండుతున్నాయి, ఇంటికెళ్ళి వంట చెయ్యాలి.

సాయంత్రం యజమాని అటుగా వచ్చి, "నెలాఖరుకేనా అండి?" అని అడిగారు. నేను తలెత్తలేదు. ఈయన బోర్డు మీంచి చూపు తిప్పకుండా, "పనుందండి, తర్వాత మాట్లాడదాం," అన్నారు.

ఆయన కుడి చెయ్యి ఇప్పటికీ రాలేదు. వస్తుందని నేనూ అనుకోవట్లేదు. ఆ యాంప్లిఫయర్ చేసిన మర్నాడు పొద్దున టీ వచ్చింది. రెండు గ్లాసుల్లో ఒకటి తీసుకుని కాసేపు అలాగే పట్టుకున్నారు. బల్ల అంచు వైపు వెళ్ళిన చెయ్యి మధ్యలో ఆగి, నావైపు తిరిగింది.

నేను కూడా ఎడమ చేత్తోనే అందుకున్నాను.