కారే గొట్టం

నౌపడ స్టేషనుకు పొగబండి ఇంజన్ల కోసం నీళ్లు తెచ్చే ఇనుప గొట్టాలు పాతబడ్డాయి. ఏటా వేసవికి ముందు రైల్వే పనివాడు గవరయ్య వాటిని పరీక్షించేవాడు. ఉప్పు మళ్ల పక్కన నడుం వంచి నడుస్తూ, చిన్న సుత్తితో ఒక్కో గొట్టాన్నీ తట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమంటే సాగిపోయేవాడు, పగిలిన కుండలా పలికితే గోటితో తుప్పు గీకి చూసి, మార్చమని సున్నంతో గీత పెట్టేవాడు. ఆ ఏడు ఒక అతుకు కారుతుంటే, దాని కింద కుండ పెట్టుకుని ఉప్పుకూలి ఎర్రమ్మ కూర్చుంది. ఉప్పుకూలీల గుడిసెలకు తియ్యటి నీళ్లు అవే.

"ఇది బాగుందని సెప్పీ మావా. కొత్తదేత్తే మాకు సుక్క రాదు."

"లోపలంతా తుప్పు తినేసినాదే అమ్మీ. పగిల్తే ఇంజనాగిపోతాది. మీకు కుళాయెయ్యమని పైవోళ్లనడిగినాను, కుదరదన్నారు."

"గొట్టం గోడు నీకినపడతాది గానీ, మా పిల్లల గోడు ఇనపడదేటి?"

గవరయ్య మళ్లీ తట్టాడు. గొట్టం పగిలిన కుండలాగే పలికింది. కుండ నిండేదాకా చుట్టయినా ముట్టించకుండా పక్కనే కూర్చున్నాడు. నిండాక ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. ఆమె గుడిసెల వైపు మళ్లాక, తువ్వాలుతో గొట్టం తడి తుడిచి సున్నం గీశాడు.