అత్త ఎడమచేతి కుట్టు

పెళ్లయి రాజపాళయం వచ్చేనాటికి నా పెట్టెలో చీరల కింద రెండు పెద్ద గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి. రెండూ సగం సగం కుట్టినవే. ఒకటి వాకిలికి వేలాడదీసే తెర, దాని మీద రెండు నెమళ్లు. రెండోది ఉయ్యాలబల్ల మీద పరిచేది, చుట్టూ చిలకలు, మధ్యలో మామిడిపిందెల గుత్తి. బడిలో టీచరమ్మ మాకు క్రాసు కుట్టు నేర్పింది. గళ్లు స్పష్టంగా కనబడేటట్టు నేసిన ముతక గుడ్డ ఒకటుంటుంది, దాన్ని మ్యాటీ అనేవాళ్లం. ఒక్కో గడిలో దారం ఏటవాలుగా ఒకసారి, దాని మీదుగా ఎదురుగా ఇంకోసారి వేస్తే చిన్న ఇంటూ గుర్తు పడుతుంది. అలాంటివి వేలకొద్దీ పడితే ఒక నెమలి. తోటి పిల్లలు చేతిరుమాలు మూలన ఒక పువ్వు వేసి ముగించుకునేవారు. నాకు మాత్రం గుడ్డ ఎంత పెద్దదైతే అంత హుషారు.

అత్త నాకు కొత్త మనిషి కాదు. మా నాన్నకు సొంత అక్క. ఎక్కువ మాట్లాడదు. ఏ పనైనా మొదలుపెట్టిందంటే అది అయ్యేదాకా ఇంకోదాని జోలికి పోదు. అలాంటి మనిషి ఇంట్లోకి నేను రెండు సగం పనులతో అడుగుపెట్టి, ఏడాది తిరగకముందే మూడోది మొదలుపెట్టాను.

ఆ మూడోది మా మామ కుక్క. మా ఊరి కుక్కల సంగతి చెప్పనక్కర్లేదు, ఒళ్లంతా తెలుపు, గులాబీరంగు ముక్కు, పొడుగు కాళ్లు. మామ కొండ కింద మామిడితోటకు పోయినా, పొలానికి పోయినా అది ఆయన వెనకే. ఒకరోజు పొద్దున అది ముంగిట్లో ఎండలో నిలబడి గాలిలో ఏదో వాసన పట్టి తల ఎత్తింది, ఒక చెవి పైకి లేచింది. దాన్ని గోడకు సరిపోయేంత పెద్దగా కుట్టాలని అప్పుడే అనుకున్నాను. అంగట్లో దొరికే నమూనాల్లో గులాబీలు, హంసలు ఉంటాయి గాని మా ఊరి కుక్క ఎక్కడుంటుంది? గళ్ల కాగితాలు అంటించుకుని నేనే గీసుకున్నాను. నేను కాగితం తీసినప్పుడల్లా అది చుట్టుకుని పడుకునేది. మామ ఒక ఎముక చేతిలో పట్టుకుని దాన్ని నిలబెట్టేవారు. మామ ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు.

కొత్త గుడ్డ చూసి అత్త అడిగింది.

"ఉండేవి రెండూ ముగియలా. మూడోది ఎత్తుకున్నావే?"

"ఒకటి విసుగు పుడితే ఇంకొకటి ఉంటుంది అత్తా. మూడూ ముగిస్తాను."

ధైర్యం కోసం అన్న మాట కాదది. నిజంగానే నా చెయ్యి అట్లా నడిచేది. నెమలి ఈకల్లో కన్ను చెదిరితే చిలకల దగ్గరికి పోయేదాన్ని, చిలకల పచ్చదనం మొహం మొత్తితే కుక్క కాళ్ల దగ్గరికి. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక వసారాలో వెలుతురు బాగుండేది. రోజూ ఏదో ఒకదాని మీద కొన్ని వరసలు పడేవి.

అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. రంగుదారాలు ఇంగ్లండు సీమ నుంచి ఓడల్లో వచ్చేవి. మదురైలో మా ఆయన కొనుక్కొచ్చే అంగడిలో మొదట కొన్ని రంగులు లేవన్నారు, తరవాత ఏవీ లేవన్నారు. రెండో నెమలి మెడ సగంలో ఉండగా నా నీలం అయిపోవచ్చింది. చూడవచ్చిన చుట్టాలు ఒక నెమలి చాలమ్మా, అక్కడికి కత్తిరించి అంచు మడిచెయ్యి అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఊళ్లో మిల్లు ఉంది, తెల్లనూలుకు కొదవ లేదు. నేతగాళ్ల నూలుకు రంగులు వేసే ఆయన దగ్గర నీలం వేయించాను. పాతదాని కంటే ముదురుగా, మబ్బుగా వచ్చింది. పక్కపక్కన పెడితే అతుకు తెలిసిపోతుంది. అందుకని మిగిలిన పాత దారాన్ని పోగులుగా విడదీసి, మొదట పాతవి ఎక్కువ కొత్తవి తక్కువ, కొంత దూరం పోయాక కొత్తవి ఎక్కువ పాతవి తక్కువ కలిపి సూదిలో ఎక్కించాను. మెడ కిందికి పోయేకొద్దీ నీలం మెల్లగా చిక్కబడింది. చూసినవాళ్లు కావాలనే అట్లా చేశాననుకున్నారు. నేను కావాలనే చేశాను కూడా.

ఆ తెర వాకిట్లో వేలాడదీసిన రోజు అత్త దాన్ని తిప్పి వెనకవైపు చూసింది. ముడులు ఎక్కడా లేవు. ఆ మధ్యాహ్నం నుంచి వసారాలో నా పక్కన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

కుక్కతో చిక్కు వేరు. మ్యాటీ తెల్లది, కుక్క తెల్లది. మిల్లునూలుతో ఒళ్లంతా నింపినా నాలుగడుగులు వెనక్కి పోతే కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడలేదు. చుట్టూ ఉన్న ఖాళీ అంతా ముదురు రంగుతో నింపితే తప్ప అది కుక్క కాదు. అంత దారం ఎక్కడిది? అత్తే దారి చెప్పింది. చిన్నప్పుడు వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ, పాత గుడ్డలకు నలుపు వేసేదట. కరక్కాయ కషాయంలో నానబెట్టి, ఇనుపతుప్పూ బెల్లమూ వేసి ఊరబెట్టిన నీళ్లలో ముంచితే చాలట. పెరట్లో కుండలు పెట్టి ఇద్దరం నూలు ముంచాం. మట్టిరంగు కలిసిన చక్కని నలుపు వచ్చింది. రంగు దిగి కుక్క మీద మరక పడితే అన్నాళ్ల పనీ పాడవుతుందని, నీళ్లు తేటపడేదాకా నేను ఉతుకుతూనే ఉన్నాను. మా చేతులు చాన్నాళ్లు నల్లగా ఉన్నాయి.

అప్పుడు అత్త, నాకూ ఒక సూది ఇవ్వు, ఆ మూల నేను నింపుతాను అంది. కుక్క ముందువైపు నేను, తోకవైపు అత్త. ఆమె కుట్టు నా కుట్టు కంటే బిగువుగా పడింది. కొన్ని వారాల తరవాత గుడ్డను వెలుతురుకు ఎత్తి చూస్తే నాది ఒక నలుపు, ఆమెది ఇంకో నలుపు. ఒకే కుండలో ముంచిన నూలు! దగ్గరగా చూస్తే అర్థమైంది. నా కుట్టులో పైదారం కుడికి వాలుతుంది, ఆమెది ఎడమకు. వెలుతురు రెంటి మీదా వేరువేరుగా పడుతోంది.

"అత్తా, మీ కుట్టు నా కుట్టుకు ఎదురుగా పడతా ఉంది. ఇట్లా వచ్చి చూడండి."

వచ్చి చూసింది. సూది పట్టిన ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ చేత్తో ఏమీ చేయకూడదని చిన్నప్పుడు వాత కూడా పెట్టినారు. అన్నం కుడిచేత్తోనే తింటాను. సూది మాత్రం ఇదే పడుతుంది. పోనీలే, నాది విప్పేస్తాను."

వద్దు, రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజులూ వసారాలో గుడ్డను నిలబెట్టి, అటు నుంచీ ఇటు నుంచీ చూశాను. అత్త కుట్టిన వైపు కుక్క తోక, తొడ గుడ్డ మీంచి లేచి వచ్చినట్టున్నాయి. నేను కుట్టిన వైపు తల చదునుగా ఉంది. ఒళ్లు ఒకవైపు వాలి, చుట్టూ ఉన్నది ఇంకోవైపు వాలితేనే కుక్క విడిగా నిలబడుతోంది. కత్తెర తెచ్చుకుని నా నలుపు విప్పడం మొదలుపెట్టాను.

"నీదెందుకు విప్పుతావు?" అంది అత్త.

"కుక్క నాది. చుట్టూ ఉండేదంతా మీది."

విప్పిన వైపు గుడ్డను తన ఒళ్లోకి లాక్కుంది. తరవాత సూదిలో దారం ఎక్కించుకుని తల దగ్గర మొదలుపెట్టింది. అంతవరకు ఎవరైనా వస్తే గుడ్డ పక్కన పెట్టేసేది. ఆ రోజు నుంచి ఎవరి ముందైనా ఎడమచేత్తోనే కుట్టింది.

యుద్ధం ముగిసే నాటికి కుక్క కూడా ముగిసింది. వడ్రంగి చేత టేకు చట్రం కట్టించి, వచ్చినవాళ్లు కూర్చునే కూడంలో గోడకు పెట్టాం. మామ తోట నుంచి వచ్చి, చేతికర్ర మూలన పెట్టకుండానే దాని ముందు నిలబడ్డారు. కుక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది, దానికి బొమ్మతో పని లేదు. చోళపురం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన చెవి ఒకటి పైకి లేచింది, తప్పు పడిందే అన్నాడు.

"తప్పు కాదప్పా. ఆ పొద్దున ముంగిట్లో వాసన పట్టినప్పుడు ఆ చెవి అట్లే లేచింది," అన్నారు మామ.

ఆ తల ఎత్తడం నేను చూసిన పొద్దున ఆయన కూడా ముంగిట్లోనే ఉన్నారని అప్పుడు తెలిసింది. అంత నలుపు ఎవరు కుట్టినారని చోళపురం ఆయన అడిగితే అత్త, నేనే అని చెప్పి మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయింది.

ఉయ్యాల గుడ్డ మరుసటి వానాకాలానికి అయింది. చిలకలన్నీ నావి, మామిడిపిందెల వెనక నింపినదంతా అత్తది. మామ దాని మీద కూర్చోవడానికి ఒప్పుకోలేదు. ఇంత పని నలిగేట్టు దాని మీద ఎట్లా కూర్చునేదని చాప వేయించుకుని కింద కూర్చున్నారు. నాలుగు రోజులు ఊరుకుని, ఐదోనాడు అత్తే పోయి ఆ గుడ్డ మీద కూర్చుని, వక్క కొరుకుతూ, కాలితో నేలను నెట్టి ఊగింది. ఆ సాయంత్రం మామ కూడా ఆమె పక్కన కూర్చున్నారు.