పలమనేరు ఇంట్లో ఫోన్ ఎత్తిందెవరు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు చిత్తూరులో ఆడవాళ్ళం నడిపే చిన్న పత్రికలో వార్తలు దిద్దుతున్నాను. విన్నదల్లా నమ్మితే ఈ పని చేయలేం.

పోయిన ఏడాది తిరుపతిలో మాలాంటి డెస్కు వాళ్ళకు శిక్షణ పెట్టారు. చావు వార్తను ఎలా నిర్ధారించుకోవాలో చెబుతున్న రోజే పలమనేరు విలేకరి నుంచి వార్త వచ్చింది. పాల సంఘం అధ్యక్షుడు మునిరత్నం రోడ్డు ప్రమాదంలో పోయాడని. ఊరి వాట్సాప్ గ్రూపు నిండా దండ వేసిన ఆయన ఫోటో, కింద ఓం శాంతులు.

ఆయన కూతురు చిత్తూరులో ఉంటుంది. ఎనిమిదో నెల గర్భిణి. ఆ గ్రూపులో లేదు గానీ మా వార్తలు రోజూ ఫోన్‌లో చూస్తుంది. అదే నా భయం.

ఆఫీసు నుంచి సరోజ ఒకటే ఫోన్లు. "ఊరంతా పెట్టేసినారక్కా. నువ్వింకా ఆడ పాఠాలు ఇనుకుంటా ఉండావా?"

శిక్షకురాలు అది విని, "గ్రూపు ఆధారం కాదు. ఇంటివాళ్ళ నోటి నుంచి వినాలి. ఇక్కడే ఫోన్ చేయండక్కా, అందరూ నేర్చుకుంటారు" అన్నారు. విలేకరి ఇచ్చిన మునిరత్నం ఇంటి ల్యాండ్‌లైన్ నంబరుకు స్పీకర్ పెట్టి చేశాను.

ఒక ఆడమనిషి ఎత్తింది. పత్రిక నుంచి అని చెప్పాను.

"మా బావకు పానం ఉండాదమ్మా. వేలూరుకు తీసకపోయినారు. పేపర్లో ఎయ్యొద్దండి, పాప సూస్తాది" అని ఫోన్ పెట్టేసింది. పాప అంటే ఆయన కూతురే. గదిలో అందరూ విన్నారు.

"పేరడగలేదే అక్కా" అన్నారు శిక్షకురాలు. నిజమే. అయినా వార్త ఆపాను.

సాయంత్రం వేలూరు ఆసుపత్రి నుంచి మునిరత్నం తమ్ముడు మాట్లాడాడు. ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదు. రోడ్డు పక్కన కదలకుండా పడి ఉంటే చూసినవాళ్ళెవరో పోయాడనుకుని గ్రూపులో పెట్టేశారట.

కొన్నాళ్ళకు, ఆ రోజు ఫోన్ ఎత్తినామె పేరు కనుక్కుందామని పలమనేరు వెళ్ళాను. మునిరత్నం భార్య మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ రోజు అందరూ వేలూరులోనే ఉన్నారట, ఇంటికి తాళం. ల్యాండ్‌లైన్ రెండేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయింది. గోడ మీద తెగిన తీగ చూపించింది.

"ఆయప్పను బావా అని పిలిచే ఆడోళ్ళు ఎవురూ లేరక్కా. నాకు చెల్లెండ్లు లేరు, మా మరిదికి ఇంగా పెండ్లి కాలేదు. నేనేమో ఏమబ్బా అని పిలుస్తాను" అని నవ్వింది. మజ్జిగ గ్లాసు తీసుకుంటూ, "గొంతు ఎట్లుండింది?" అని అడిగింది.

మామూలుగానే ఉందన్నాను. వంట మధ్యలో లేచి వచ్చి మాట్లాడినట్టు. వెనక కుక్కరు కూత కూడా వినిపించింది. శిక్షణకు వచ్చినవాళ్ళను తర్వాత అడిగాను, వాళ్ళకూ గుర్తుంది.

వేరే లైను కలిసిందేమో అని సర్దిచెప్పుకున్నాను. మరి వేలూరు సంగతి, పాప సంగతి ఆమెకెలా తెలుసు? నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. మళ్ళీ చేయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.